ఏడో పేజీ మాస్టారు

మా ప్రెస్సు తలుపు వెనక కొక్కేనికి ఐదు గొడుగులు వేలాడుతుండేవి. ఐదూ మాస్టారివే. ప్రూఫులు ఇవ్వడానికి గొడుగుతో వచ్చేవారు, ఇచ్చాక గొడుగు వదిలేసి నెత్తిన సంచి పెట్టుకుని ఎండలో వెళ్ళిపోయేవారు. ఎప్పుడో ఓసారి ఆయన భార్య, మేం అమ్మగారు అని పిలిచే ఆవిడ, వచ్చి రెండో మూడో పట్టుకెళ్ళేవారు. ఆ గొడుగులు కంటబడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇన్ని మరిచిపోయే మనిషి ఆ ఏడో పేజీని మాత్రం ఎందుకు మరిచిపోరో నాకు అర్థమయ్యేది కాదు.

నేను ఆ ప్రెస్సులో టైపు చేసి పేజీలు కట్టేదాన్ని. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే కిటికీ, కంప్యూటర్లు మాత్రం నాలుగు మారాయి. నలభై ఆరేళ్ళొచ్చినా అక్కడ అందరికీ నేను అమ్మాయినే. నా గది పైన, మెషీన్ హాలు కింద, మధ్యలో ఇనప మెట్లు. కింద మెషీన్ తిరుగుతుంటే పైన నా బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. నీళ్ళు కదలకుండా ఉన్నాయంటే ఎవరో ఒకరు ప్రూఫు తిప్పి పంపలేదని అర్థం. మాస్టారి పుస్తకం నా చేతిలో ఉన్న నాలుగు నెలలూ ఆ ఎవరో ఒకరు మాస్టారే.

మాస్టారు ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పారు. పొడుగు మనిషి. చొక్కా జేబులో ఒక నీలం పెన్ను, ఒక ఎర్ర పెన్ను. నీలం పెన్ను సంతకాలకి, ఎర్రది మిగతా లోకానికంతటికీ. హోటలు బోర్డు మీద తప్పు కనిపిస్తే కుర్చీ ఎక్కి దిద్దే రకం. మా ప్రెస్సు గేటు మీద ఎప్పుడో ఎగిరిపోయిన అక్షరాన్ని ఓ మధ్యాహ్నం తనే రాసేసి వచ్చారు, అదీ ఎర్రగా. పెళ్ళికి ముందు అమ్మగారు తనకి రాసిన ఉత్తరాన్ని కూడా దిద్ది వెనక్కి పంపారట. ఆ సంగతి అమ్మగారే చెప్పారు. అయినా ఎలా చేసుకున్నారండీ అని అడిగితే, దిద్దిన ఉత్తరం అడుగున "బాగుంది, ఇంకా రాయి" అని ఉందని చెప్పి నవ్వారు.

ఇక పుస్తకం సంగతి. ఉద్యోగంలో చివరి రోజు, చివరి పీరియడులో, వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి, బిగిన్‌కీ స్టార్ట్‌కీ తేడా ఏమిటని అడిగింది. మాస్టారు నోరు తెరిచేలోగా గంట కొట్టారు. అలవాటు కొద్దీ "రేపు చెబుతాను" అనేసి బయటికొచ్చారు. ఆయనకి ఆ మర్నాడు బడి లేదు. ఇంటికొచ్చి ఆ పిల్లకి జవాబు రాయడానికి కూర్చున్నారు. అది రాస్తుంటే దాని పక్కది గుర్తొచ్చింది, దాని పక్కది రాస్తుంటే ఇంకోటి. ఆరేళ్ళకి నూట డెబ్బై జంటలయ్యాయి. బిగ్‌కీ లార్జ్‌కీ, లుక్‌కీ సీకీ, సేకీ టెల్‌కీ, అన్నిటికీ తేడా పిల్లలకి అర్థమయ్యేట్టు నాలుగేసి లైన్లలో తేల్చేశారు. ఆ పిల్ల అడిగిన జంట ఒక్కటే తేలలేదు.

తేలకపోతే పోనీ అనుకుందామంటే, పుస్తకం ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉంది. బిగిన్ రెండో అక్షరంలోనే తగిలింది. ఏడో పేజీ. అది నా ఖర్మ. ఏ చివరి అక్షరంలోనో పడి ఉంటే ఆయన జీవితాంతం దిద్దుకున్నా నాకు పట్టేది కాదు. మాకు పదహారు పేజీలు ఒకే పెద్ద షీటు మీద అచ్చవుతాయి. అలాంటి షీట్లు ఆరు మడిచి కుడితే తొంభై ఆరు పేజీల పుస్తకం. ఏడో పేజీలో ఒక్క లైను పెరిగితే అది వెళ్ళి ఎనిమిదో పేజీ నెత్తిన పడుతుంది, ఎనిమిదిలోది తొమ్మిది మీద పడుతుంది, అలా తోసుకుంటూ తోసుకుంటూ తొంభై ఆరో పేజీలో చివరి లైను తొంభై ఏడులోకి జారుతుంది. తొంభై ఏడో పేజీ అనేది మాకు లేదు. మాస్టారి ప్రతి దిద్దుబాటుకీ ఒక లైను పెరిగేది, మనసు బాగుంటే రెండో మూడో. నేను ఎనభై తొమ్మిది పేజీలు మళ్ళీ సర్దుకునేదాన్ని. లైన్ల మధ్య ఖాళీ వెంట్రుకవాసి తగ్గించి గట్టెక్కుదామని చూస్తే, జేబులోంచి స్కేలు తీసి కొలిచి పట్టుకునేవారు. పిల్లల కళ్ళు, ఇరుకు పెట్టకూడదు, అనేవారు. నా కళ్ళ గురించి మాత్రం ఎవరికీ చింత లేదు.

మొదటిసారి ఆయన రాసింది ఒక్కటే లైను: రెండూ ఒకటే, భయపడకండి. అక్కడితో ఆగి ఉంటే ఎంత హాయిగా ఉండేది. రెండోసారి, బిగిన్ కాస్త ఉత్తరాల్లోనూ ఉపన్యాసాల్లోనూ మాట, స్టార్ట్ ఇంట్లో మాట అన్నారు. పెరిగిన లైన్లు రెండు.

మూడోసారిది మా మెషీన్‌మన్ పుణ్యం. అతన్ని మేమంతా రెండొందలు అంటాం. ఏ పని ఎక్కించినా సిరా, నీళ్ళు సమంగా కుదిరేదాకా మొదటి రెండు వందల షీట్లు తీసి పక్కన పారేస్తాడు. ఓనరు ఎంత మొత్తుకున్నా నూట తొంభై తొమ్మిదికి ఒప్పుకోడు. ఆ రోజు మాస్టారు నాతో మాట్లాడి దిగుతూ, మెట్ల మీద ఆగి, మెషీన్ నడుస్తోందిగా, మంచి కాగితాలు ఎందుకు పారేస్తున్నావని అడిగారు. రెండొందలు తల కూడా తిప్పలేదు.

"స్టార్టయితే అయింది సార్. పని ఇంకా మొదలవలేదు."

మాస్టారు అక్కడే మెట్టు మీద చతికిలబడి ప్రూఫు వెనక రాయడం మొదలుపెట్టారు. యంత్రం స్టార్ట్ అవుతుంది, బిగిన్ అవదు, ఎందుకంటే మీట నొక్కిన క్షణం ఒకటుంది. దాని పని బిగిన్ అవుతుంది, కానీ ఏ కాగితం దగ్గర అయిందో వెనక్కి తిరిగి చూసుకుంటే తప్ప తెలియదు. ఇదిగో ఇప్పుడు అని వేలు పెట్టి చూపించగలిగితే స్టార్ట్, చూపించలేకపోతే బిగిన్. అంచున ఎర్రగా "ఇప్పుడే తట్టింది!" అని రాసి తేదీ వేశారు. ఇంగ్లీషు వాళ్ళు దీనికి ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. వాన విషయంలో వాళ్ళు రెండు మాటలూ వాడతారని మాస్టారే అన్నారు. నాకు మాత్రం నచ్చింది. లైన్లు మూడు పెరిగినా నోరెత్తకుండా సర్దాను.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చారు. ఈసారి యంత్రం పోయి వాన వచ్చింది. ఆ తర్వాత వాన పోయి ప్రయాణం వచ్చింది, గుమ్మం దాటడం స్టార్టట, సెలవులు బిగినట. ఆరోసారి అన్నీ కొట్టేసి, రెండూ ఒకటే, భయపడకండి, అన్నారు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. నాలుగు రోజులకి ఏడో ప్రూఫు వచ్చింది. దాంతో ఆయన ఏం రాశారో చదవడమే మానేశాను. ఎన్ని లైన్లు పెరిగాయో లెక్క చూసుకుని, ఆయన్ని తిట్టుకుంటూ టైపు చేసేసేదాన్ని.

ఇంతలో ఓనరు పెద్ద మెషీన్ అమ్మేశారు. ఇకనుంచి విజిటింగ్ కార్డులు, స్టిక్కర్లు చాలు, పుస్తకాలు వద్దు అనుకున్నారు. సోమవారం పొద్దున్న కొన్నవాళ్ళొచ్చి మెషీన్ విప్పుకుపోతారు, రెండొందలు దానితోపాటే కొత్త ప్రెస్సుకి పోతాడు. శని, ఆదివారాల్లో మాస్టారి పుస్తకం అచ్చయితే అయినట్టు, లేకపోతే లేదు. ఐదు వందల కాపీల బడిపుస్తకాన్ని నెత్తిన పెట్టుకునే ప్రెస్సు చుట్టుపక్కల ఇంకొకటి లేదు. ఈ మాట మాస్టారికి రెండు వారాల ముందే విడమరిచి చెప్పాను. తల ఊపారు. ఆ గురువారం పదో ప్రూఫుతో ప్రత్యక్షమయ్యారు. ఏడో పేజీ నిండా ఎర్రసిరా.

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. కుర్చీలోంచి లేచి నిలబడి అరిచాను.

"మాస్టారూ, మీకు మతి గాని పోయిందా? ఎల్లుండి అచ్చు పెట్టుకుని ఇవాళ దిద్దుతారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఉండాలమ్మాయ్. ఎక్కడో పెట్టే ఉంటాను," అని నవ్వి, మెట్లు దిగి వెళ్ళిపోయారు. గొడుగు నా కుర్చీకే వేలాడుతోంది. అది ఆరోది.

ఆ కోపంలో నాకో ఆలోచన వచ్చింది. మా ప్రెస్సులో పాత ప్రూఫులు పారేయరు. రేపు ఎవరైనా వచ్చి నేనిలా రాయలేదంటే చూపించడానికి అట్ట ఫైల్లో కట్టి ఉంచుతాం. పదీ తీసి వరసగా పరిచి, ఎన్నిసార్లు నా ప్రాణం తీశారో మాస్టారి కళ్ళెదురుగా పెట్టి సిగ్గుపడేలా చేద్దామనుకున్నాను. ఏడో పేజీలు పదీ విడదీసి నేల మీద పరిచాను, కూర్చుని మొదటినుంచి చదివాను.

ఏడో ప్రూఫులో యంత్రం ఉంది. మీట నొక్కిన క్షణం ఉంది, వేలు పెట్టి చూపడం ఉంది. మూడో దాన్ని తెచ్చి పక్కన పెట్టాను. మాట మారలేదు, కామా మారలేదు. అంచున ఎర్రగా "ఇప్పుడే తట్టింది!" అని ఉంది, కింద కొత్త తేదీతో. ఎనిమిదోది ఐదో దానిలోని ప్రయాణమే. తొమ్మిదోది వాన. అప్పుడే తెచ్చిచ్చిన పదోది తిప్పి చూశాను. మళ్ళీ యంత్రం, మళ్ళీ వేలు, మళ్ళీ "ఇప్పుడే తట్టింది!" దాని కింద తేదీలో నెల తప్పుంది. పక్కవాడి బోర్డు మీద తప్పు చూసి ఆగలేని మనిషి తన చేత్తో వేసిన తేదీలోనే తప్పుంది.

నాలుగు నెలలు ఆయన మొండిగా దిద్దుతున్నారనుకున్నాను. ఆయన ప్రతిసారీ కొత్తగా రాస్తున్నారు. ముందు రాసింది ఆయనకి గుర్తు లేదు. ఇది ఏడో ప్రూఫు నాడే నాకు తెలియాల్సింది. నేను చదివి ఉంటే తెలిసేది. చదవకుండా లైన్లు లెక్కపెట్టుకున్నాను. పైగా మతి పోయిందా అన్నాను. ఆ మాట మా ఇంట్లో రోజుకి పదిసార్లు అనుకుంటాం, అందుకే నోటికొచ్చింది. కానీ ఆయనతో అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

శుక్రవారం పొద్దున్నే గొడుగుల కోసం అమ్మగారు వచ్చారు. కూర్చోమని, తలుపు వేసి, కాగితాలు చూపించాను, మెట్టు మీద కూర్చుని రాసింది ఏదో చెప్పాను. ఆవిడ అన్నీ చదవలేదు. ఎర్రగా ఉన్న ఆ రెండు మాటలు మూడు చోట్లా వేలితో తడిమారు. ఆవిడకి తెలుసు. రెండుసార్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారట కూడా.

"ఎప్పుడు మొదలైందమ్మా అని అడిగారు డాక్టరుగారు. ఫలానా రోజని నేనేం చెప్పను? ఏదో ఒకటి చెప్పొచ్చాను."

ఏడో ప్రూఫు మీది తేదీ చూపించాను. ఆవిడ సంచిలోంచి చీటీ తీసి ఆ తేదీ రాసుకుని, అంతకుముందే అయి ఉంటుంది, అన్నారు. చీటీ మడిచి పెట్టి, తను అడగాలనుకున్నది అడిగారు. పుస్తకం ఎలాగైనా రావాలి, తొందరగా రావాలి. ఇది నాది అని ఆయనకి తెలుస్తుండగానే చేతిలో పడాలి. మళ్ళీ ఏడాది చూద్దామంటే కుదరదు.

ఏ ఏడో పేజీ వేయాలో నాకు తేలిపోయింది. యంత్రం ఉన్నది. మూడుసార్లు ఆయన చేతిమీదుగానే వచ్చింది కాబట్టి అది ఆయన మాటే, నా కల్పన కాదు. లైన్లు మాత్రం రెండు ఎక్కువవుతున్నాయి. ముందుమాట చివర ఐదో పేజీలోకి జారిన ముక్కలో, విసుక్కోకుండా పేజీలు కట్టిన అమ్మాయికి కృతజ్ఞతలు అని సరిగ్గా రెండు లైన్లున్నాయి. అవి తీసేశాను. అవి ఉండటానికి వీల్లేదు కూడా. తొంభై ఆరో పేజీ తొంభై ఆరులోనే ఆగింది. మధ్యాహ్నానికి మెషీన్‌కెక్కించే ప్లేట్లు తయారయ్యాయి.

ఒక్క గండం మిగిలింది. మా ప్రెస్సులో ఓనరు తండ్రి నాటి నుంచి ఒక పద్ధతుంది. మెషీన్ మీంచి దిగిన మొదటి మంచి షీటు మీద రాసినవాళ్ళు సంతకం పెట్టాలి. సంతకం పడనిదే రెండొందలు చచ్చినా అచ్చు సాగనివ్వడు. ఓనరు ఫోను చేసినా వినడు. ఎప్పుడో ఓసారి విని, ఒక లావు పుస్తకమంతా మళ్ళీ వేయాల్సొచ్చిందట. అదీగాక మాస్టారి పుస్తకం ఆయన సంతకం లేకుండా దొంగతనంగా వేయడం నాకూ ఇష్టం లేదు.

శనివారం పది గంటలకి అమ్మగారు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. రెండొందలుకి ముందురోజే అంతా చెప్పాను. మెషీన్ ఆన్ చేసి, సిరా చూసి, నీళ్ళు చూసి, షీట్లు తీసి తీసి పారేశాడు. మాస్టారు మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నారు. మెషీన్ నడుస్తోందిగా, మంచి కాగితాలు ఎందుకు పారేస్తున్నావని అడిగారు. రెండొందలు నా వంక చూశాడు. ఈసారి తల తిప్పి, ఆయన ముందుకొచ్చి, మెల్లిగా అదే జవాబు చెప్పాడు. మాస్టారు మెచ్చుకుంటూ తల ఊపారు. చెయ్యి జేబు దాకా వెళ్ళింది గాని, అమ్మగారు పట్టుకుని బల్ల దగ్గరికి నడిపించారు.

రెండు వందలు దాటాక మెషీన్ ఆపి, షీటు తెచ్చి బల్ల మీద పరిచాడు. పెద్ద షీటు మీద సగం పేజీలు తలకిందులుగా ఉంటాయి, మడిచినప్పుడే సరిపడతాయి. ఏడోది మాకు తలకిందులుగా ఉంది. మాస్టారు బల్ల చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళి, వంగి, వేలు పెట్టి ప్రతి మాటా చదివారు. నేను ఎర్ర పెన్ను వంకే చూస్తున్నాను. చదవడం అయ్యాక ఆయన మొహం విప్పారింది.

"చాలా బాగుందమ్మాయ్. ఒక్క అక్షరం తీయక్కర్లేదు, పెట్టక్కర్లేదు. ఎవరు రాశారు?"

ఒక్క అక్షరం మార్చక్కర్లేదన్న ఆ మాట కోసం నాలుగు నెలలు ఎదురుచూశాను. అది ఇలా వినాల్సొస్తుందని తెలిస్తే జీవితమంతా ఆ ఎనభై తొమ్మిది పేజీలు సర్దుకుంటూ కూర్చునేదాన్ని. ఆయన జేబులోంచి నీలం పెన్ను తీసి, మూత విప్పి చేతికిచ్చాను, సంతకం చోటు చూపించాను. ఆయన పెన్ను మూత పెట్టేశారు.

"నేనెలా పెడతానమ్మా? రాసినవాళ్ళు పెట్టాలి. వాళ్ళని పిలిపించు."

ముప్పై ఒక్క ఏళ్ళు పక్కవాడి దానిలో చూసి రాసిన పిల్లల్ని నిలబెట్టిన మనిషి. తనది కానిదాని మీద సంతకం పెట్టరు. అది నాకు తెలుసు, రెండొందలుకీ తెలుసు. అతను గుడ్డ తీసుకుని, తుడిచిన చోటే మళ్ళీ మెషీన్ తుడుస్తున్నాడు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఆ వెనక బెంచీ పిల్ల మీద, గంట కొట్టినవాడి మీద, సోమవారం మీద. అమ్మగారు మాత్రం మామూలుగా, మందు వేసుకోమన్నంత మామూలుగా అన్నారు.

"మీరే రాశారండీ. ఆ మెట్టు మీద కూర్చుని."

"నేనా?"

"మీరే."

ఆయన మెట్టు చూశారు, షీటు చూశారు, చివరికి ఆవిణ్ణి చూశారు.

"నువ్వంటే అయ్యే ఉంటుంది," అని మూత తీసి, షీటు మూల నీలంగా, వంకర లేకుండా సంతకం పెట్టారు. రెండొందలు గట్టిగా ఊపిరి వదిలాడు. నేను కళ్ళు తుడుచుకుందామని పక్కకి తిరిగాను.

తిరిగి చూసేసరికి మాస్టారు మళ్ళీ బల్ల అటువైపున్నారు. మళ్ళీ చదువుతున్నారు, కానీ ఇందాకటి మొహం కాదు. కనుబొమలు ముడిపడ్డాయి. నీలం పెన్ను జేబులోకి వెళ్ళింది, ఎర్రది బయటికొచ్చింది.

"నేను రాసిందే అయితే, ఈ రెండో వాక్యం తేలిపోయిందమ్మాయ్. ఇంకో ఉదాహరణ ఉంటే నిలబడుతుంది. ఇప్పుడే తట్టింది."

ఆ గొంతు, ఆ విసుగు, ఆ ఎర్ర పెన్ను పట్టుకోవడం, అన్నీ పాత మాస్టారే. ఇంకొకరిదనుకున్నంతసేపూ ఒక్క తప్పు కనిపించలేదు. తనదనేసరికి కనిపించింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, వాటితోపాటు నాలుగు నెలల విసుగు మొత్తం వచ్చింది. చెయ్యి చాపాను.

"మాస్టారూ, ఆ పెన్ను ఇటివ్వండి."

ఇచ్చేశారు. రెండొందలు ఇంకో మాటకి సందివ్వకుండా షీటు లాగి క్లిప్పుకి పెట్టి బటన్ నొక్కాడు. పెన్ను సాయంత్రం వెళ్ళేటప్పుడు తిరిగిచ్చేద్దామనుకున్నాను. ఆయన అడగలేదు.